అక్షరాలు చెరిగిన కీబోర్డు

రహిమున్నీసా కీబోర్డు మీద ఒక్క అక్షరం కూడా మిగల్లేదు. కొత్తలో అది మీగడరంగులో ఉండేదట. నేను చూసేనాటికి అంచులు పసుపు తిరిగి, మీటల సందుల్లో ఎర్రటి పొడి పేరుకుని ఉండేది. పదేళ్ళు ఆమె వేళ్ళు తగిలి తగిలి పైన రాసినవన్నీ అరిగిపోయాయి. అయిదారు మీటల మీద మాత్రం గోళ్ళరంగు చుక్కలు గడ్డకట్టి, తాకితే చేతికి తగిలేలా ఉండేవి. ముచ్చటపడి పెట్టుకుందని ఆఫీసులో అందరూ అనుకునేవారు.

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు మీద ఉండేది మా కోల్డ్ స్టోరేజి. రైతులు దాన్ని ‘ఏసీ’ అనేవారు. కళ్ళంలో ఎండిన మిర్చిని టిక్కీలకెత్తి, అంటే గోనెబస్తాల్లో తొక్కి కుట్టి, ధర బాగుపడేదాకా తెచ్చి ఏసీలో పెట్టుకుంటారు. సరుకు దించుకున్నాక రైతు పేరూ, ఊరూ, టిక్కీల లెక్కా, లాటు నంబరూ వేసి ఒక కాగితం చేతికివ్వాలి. దాన్ని బాండు అంటారు. 1995లో ఆ ఆఫీసుకు మొదటి కంప్యూటరు వచ్చినప్పుడు, టైపు హయ్యరు పాసైన మనిషి కావాలంటే రహిమున్నీసా వచ్చి చేరింది. అప్పటినుంచి ప్రతి బాండూ ఆమె చేతిమీదుగానే వెళ్ళేది. నేను ఎం.ఏ. తెలుగు అయ్యాక, వేరే ఉద్యోగం దొరికేదాకా అనుకుని, ఉత్తరాలు రాసే పనికి 2004లో అక్కడ చేరాను. ఆమె పక్క బల్ల నాది.

చేరిన మూడో నెలలో ఒకరోజు టీ గ్లాసు తెచ్చి ఆమె మోచేతి పక్కన పెట్టాను. గ్లాసు పెట్టానని కూడా చెప్పాను. ఆమె చెయ్యి జరిపింది, గ్లాసు కిందపడి పగిలింది. నేను వంగి గాజుపెంకులు ఏరుతుంటే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

“ఎవరికీ చెప్పకు రమ్యా.”

టీ ఒలికినందుకు ఇంత భయమెందుకో నాకు అర్థం కాలేదు. ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు చెప్పింది. ఎదురుగా ఉన్నది ఆమెకు కనిపిస్తుంది. అటూ ఇటూ ఉన్నది కనిపించదు. చిన్న గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. ఆ గొట్టం ఏటికేడాది సన్నబడుతోంది. వెలుతురు తగ్గితే ఆ కాస్తా ఉండదు. అమ్మానాన్నలది మేనరికమని, రక్తంలోనే వచ్చిందని, మందు లేదని గుంటూరు డాక్టరు చెప్పి పంపాడు. అది జరిగి అప్పటికి నాలుగేళ్ళు.

ఇంకో ఆఫీసులో అయితే ఏనాడో పట్టుబడేది. మిర్చి ఏసీ కాబట్టి దాగింది. అక్కడ గుమస్తా నుంచి హమాలీ దాకా అందరి కళ్ళూ ఎర్రగానే ఉంటాయి, అందరూ కళ్ళు చికిలించే చూస్తారు. రహిమున్నీసా కళ్ళు తుడుచుకున్నా, గుమ్మానికి భుజం తగిలినా, “ఘాటెక్కువుంది ఇవాళ” అంటే సరిపోయేది. పాత కంప్యూటరులో నల్లటి తెర మీద తెల్లటి పెద్ద అక్షరాలు వచ్చేవి. పేరు నాలుగో వరసలో, టిక్కీలు ఏడో వరసలో, ఎప్పుడూ అక్కడే. ఎక్కడ చూడాలో కళ్ళకు తెలుసు, ఎక్కడ నొక్కాలో వేళ్ళకు తెలుసు. లారీవాళ్ళ చీటీల మీది చిన్నరాత మాత్రం నేను మెల్లగా చదివి చెప్పేదాన్ని.

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. అన్న జాన్ బాషాకీ ఇదే జబ్బు. చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. ఒకనాడు పత్తి బేలు తట్టుకుని పడితే మిల్లువాళ్ళకు సంగతి తెలిసిపోయింది. మర్నాడు రావద్దన్నారు. అప్పటినుంచి గడపలో కూర్చుని, రోడ్డు మీద బస్సు పోతే చాలు, అది నరసరావుపేటదో ఒంగోలుదో చప్పుడునిబట్టి చెబుతుంటాడు, అడిగినా అడక్కపోయినా. “నేనూ ఆ గడపలోనే కూర్చోవాలి” అనేది రహిమున్నీసా. భర్త బుడాన్‌ది సైకిల్ రిపేరు కొట్టు. ఇద్దరు ఆడపిల్లల చదువు నడిచేది ఈమె ఉద్యోగం మీద.

2005 సెప్టెంబరులో మేనేజరు రామాంజనేయులు గారు చల్లగా ఒక కబురు చెప్పారు. ఓనరు గారు హైదరాబాదు కంపెనీ ఒకదానితో మాట్లాడారట. కొత్త కంప్యూటర్లు వస్తాయి, కొత్త ప్రోగ్రాము వస్తుంది, పాతది వాళ్ళే పట్టుకుపోతారు. దుమ్ము తగలకుండా అద్దాల గది కూడా కట్టిస్తారు. “ఇంక ఘాటు లేదు, తుమ్ముల్లేవు రహీమా. హాయిగా ఏసీ గదిలో కూర్చుని కొట్టుకో” అన్నారాయన.

రహిమున్నీసా కీబోర్డు మీది చుక్కలు తడుముకుంది. ఘాటు లేని గదిలో కళ్ళు ఎందుకు చికిలిస్తున్నావంటే ఏం చెబుతుంది?

రెండు రోజులు ఆలోచించి, మేనేజరు భోజనానికి వెళ్ళిన వేళ చూసి హైదరాబాదు సపోర్టు నంబరుకు ఫోను చేసింది. నాకూ వినిపించాలని నన్ను స్పీకరు నొక్కమంది. అవతల మాట్లాడిన కుర్ర ఇంజనీరు పేరు శ్రీకృష్ణ.

“మేడమ్, మీ కంప్లైంట్ నంబరు చెప్పండి.”

“నేను కంప్లైంటు ఇవ్వలేదండి.”

“నంబరు లేకపోతే కాల్ తీసుకోడానికి ఉండదు మేడమ్.”

“అయితే ఒక నంబరు ఇవ్వండి.”

“దేనిమీద?”

“నా కీబోర్డు బాగా పనిచేస్తోందని.”

“బాగా పనిచేస్తోందని కంప్లైంటా?”

“మార్చొద్దని అండి. కంప్యూటరు మార్చుకోండి. ఇది మాత్రం ఉంచండి.”

“దాని పిన్ను గుండ్రంగా లావుగా ఉంటుంది మేడమ్. కొత్త మెషీనుకు ఆ బెజ్జమే ఉండదు.”

“మధ్యలో తగిలించే పిన్ను దొరుకుతుందట. మా ఊళ్ళో రేడియో షాపాయన చెప్పాడు.”

“దొరకొచ్చు. దానికి మేం సపోర్ట్ ఇవ్వం. ఇంతకీ కొత్తది బాగుంటుంది మేడమ్, మెత్తగా, చప్పుడు లేకుండా.”

“నాకు చప్పుడు కావాలండి” అంది రహిమున్నీసా. ఆ మాట నోరుజారి వచ్చింది. వెంటనే ఫోను పెట్టేసి, ఎక్కువ చెప్పేశానా అన్నట్టు నావైపు తిరిగింది.

మరో నాలుగుసార్లు ఫోను చేసింది. ఆ కీబోర్డు అచ్చొచ్చిందని ఒకసారి, కొత్తవాటికి చెయ్యి నొప్పెడుతుందని ఒకసారి. నాలుగోసారి శ్రీకృష్ణ విసుగుదల దాచుకోలేదు. “మేడమ్, కీబోర్డుకోసం ఇంత పోరాడేవాళ్ళని నేను చూళ్ళేదు. అసలు ప్రాబ్లమ్ ఏంటి?” అన్నాడు. ఆ ప్రశ్న విన్నాక ఆమె మళ్ళీ ఫోను చెయ్యలేదు. ఆఫీసులో ఫోను మోగితే మాత్రం ఉలిక్కిపడేది.

నవంబరు మొదటివారంలో శ్రీకృష్ణ వచ్చాడు. పాతికేళ్ళుంటాయి, ఇస్త్రీ నలగని చొక్కా. వస్తూనే ఆమె బల్ల దగ్గర నిలబడి నవ్వాడు.

“ఇదేనా మేడమ్ ఆ ఫేమస్ కీబోర్డు? దీనిమీద అక్షరాలేవి?”

“ఉన్నాయండి, మీకు కనపడవు.”

“లోపల ఎంత చెత్త ఉందో చూపిస్తా, అప్పుడు మీరే పారేయమంటారు” అంటూ స్క్రూలు విప్పి కీబోర్డును బోర్లించాడు. పదేళ్ళ మిరపపొడి బల్లమీద కుప్పపడింది. తుమ్ము వచ్చింది. తుమ్ముతూ అదే చేత్తో కళ్ళు రుద్దుకున్నాడు.

మా దగ్గర చిన్నపిల్లలు కూడా చెయ్యని పని అది. కుర్చీ తన్నేసి “అమ్మో, అమ్మో” అని గంతులేశాడు. హమాలీల ముఠామేస్త్రీ పేరయ్య అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. “ఏమయ్యా ఇంజనీరూ, కంప్యూటరు కరిచిందా?” అని అరిచి నవ్వాడు. రహిమున్నీసా అతన్ని కూర్చోబెట్టి, చన్నీళ్ళు కొట్టి, టీ కొట్టునుంచి పచ్చిపాలు తెప్పించి దూదితో అద్దింది. “రుద్దకు బాబూ. తెరిచే ఉంచు. కాసేపట్లో చల్లారుతుంది.” ఆమె వేళ్ళు అతని మొహం తడుముతూ కన్ను వెతుక్కోవడం నేను చూశాను. అతని కళ్ళు మూసి ఉన్నాయి, అతను చూడలేదు.

మంట తగ్గాక “థాంక్స్ మేడమ్” అన్నాడు. ఆ తర్వాత పాత కీబోర్డునీ కంప్యూటరునీ అట్టపెట్టెలో పెట్టి టేపు వేశాడు. కంపెనీ చెప్పిన పని చెయ్యాలి కదా.

కొత్త తెర ముందు కూర్చున్న ఆ మొదటి గంట నాకు ఇప్పటికీ గుర్తుంది. అద్దాల గదిలో ట్యూబులైట్లు తెల్లగా వెలుగుతున్నాయి. తెరమీద రంగురంగుల గళ్ళు, ఎక్కడ పడితే అక్కడ తెరుచుకునే పెట్టెలు. అన్నిటికంటే కష్టం ఆ బాణంగుర్తు. మౌసు కదిపితే అది తెరమీద ఎటు పోయిందో ఆమెకు తెలిసేది కాదు. తెరనంతా గీతలుగీతలుగా పైనుంచి కిందికి వెతికేది. అది దొరికేలోగా చెయ్యి కదిలి మళ్ళీ జారిపోయేది.

“ఆ మూలకెళ్ళండి మేడమ్. కుడివైపు. కుడివైపు మేడమ్!”

“వెళ్తున్నానండి.”

“అదిగో, ఎదురుగానే ఉంది కదా!”

మేనేజరు గారు అద్దం బయట నిలబడి చూస్తున్నారు. ఆమెకు ఆయన కనిపించడం లేదు. అదొకటే నయం. బయటికి వెళ్ళి ఏదో ఒకటి చెప్పి ఆయన చూపు మళ్ళించాలనుకున్నాను. కుర్చీలోంచి లేవలేకపోయాను.

మర్నాడు ఉదయం పొదిలి నుంచి యలమంద అనే రైతు వచ్చాడు. నలభై టిక్కీలు బయటికి తీయాలన్నాడు. గేటు దగ్గర లారీ ఆగి ఉంది. రహిమున్నీసా బాండు నంబరు కొట్టింది. పేరొచ్చింది, ఊరొచ్చింది.

“పిన్‌కోడు చదువు రమ్యా” అంది నాతో.

తెరమీద పిన్‌కోడు గడి ఖాళీగా ఉంది.

ఇంకో లాటు తీయించింది, ఇంకోటి. అన్నీ ఖాళీ. “శ్రీకృష్ణ గారూ, పిన్‌కోడులేమయ్యాయండి?”

“ఓ అవా? అన్నీ తప్పులే మేడమ్. పిన్‌కోడు ఆరంకెలుండాలి. మీవన్నీ అయిదంకెలు. డేటా ఎక్కించేటప్పుడు తీసేశాం.”

“అవి పిన్‌కోడులు కాదండీ!”

అది మా ఏసీలో మాత్రమే జరిగే సంగతి. పాత ప్రోగ్రాము రాసినవాడు సరుకు ఎక్కడ పెట్టామో రాసుకోవడానికి చోటివ్వలేదు. రైతును పిన్‌కోడు అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. ఆ గడి ఊరికే ఖాళీగా ఉండటమెందుకని, సరుకున్న చోటును అందులో కొట్టడం మొదలుపెట్టింది రహిమున్నీసా. 30417 అంటే మూడో చాంబరు, నాలుగో అంతస్తు, పదిహేడో వరస. హమాలీలు కూడా “పిన్‌కోడెంతమ్మా?” అనే అడిగి టిక్కీల కోసం పైకెక్కేవారు. పదేళ్ళుగా అందరికీ అలవాటైపోయి, అది వేరేవాళ్ళకు చెప్పాల్సిన విషయమని ఎవరికీ తట్టలేదు.

సంగతి విని మేనేజరు గారు పరుగున వచ్చారు. చాంబర్లలో పదకొండు వందల లాట్లున్నాయి. ఏది ఎక్కడుందో తెలియకపోతే రైతులు ఊరుకోరు. శ్రీకృష్ణ మాత్రం ఒప్పుకోలేదు. “పిన్‌కోడులో ఎవరైనా వరస నంబరు కొడతారా సార్? కీబోర్డు తీసేశామని మేడమ్ కోపంగా ఉన్నారు. పాత మెషీను ఎలాగైనా ఇక్కడే ఉంచాలని చెబుతున్నారు.”

“నేను అబద్ధం చెప్పట్లేదండి. ఈ యలమందది 30417. ఈ ఏడాది మూడుసార్లు శాంపిలుకొచ్చాడు, నాకు గుర్తే.”

మేనేజరు గారు బల్లమీద చరిచారు. “ఈ వాదనంతా ఎందుకు? రహీమా, నువ్వే తీసుకెళ్ళి చూపించు. పదిహేడో వరసలో యలమంద లాటుంటే ఇతను నోరు మూసుకుంటాడు. పేరయ్యా, టార్చి తీసుకో.”

నాలుగేళ్ళుగా ఆమె చాంబరులో కాలు పెట్టలేదు. ఎప్పుడు అవసరమొచ్చినా చలి పడదని చెప్పి ఇంకొకర్ని పంపేది. ఇప్పుడు చెప్పడానికి ఏమీ లేదు. లేచింది. నావైపు చూసింది, నేను కూడా వెళ్ళాను.

చాంబరు తలుపు గోడంత మందం. అది మూసుకోగానే బయటి చప్పుళ్ళన్నీ తెగిపోయాయి. లోపల గుడ్డి బల్బులు, ఊపిరి ఆవిరయ్యే చలి, ఆ చలిలో కూడా గొంతు పట్టుకునే ఘాటు. నాకే కళ్ళు కుదురుకోవడానికి కాసేపు పట్టింది. రహిమున్నీసాకు అక్కడ ఏమీ లేదు. వట్టి చీకటి. ముందు పేరయ్య, వెనక శ్రీకృష్ణ, తర్వాత ఆమె, చివర నేను. నిచ్చెనలాంటి చెక్కమెట్లు ఒక్కొక్కటీ కాలితో తడిమి ఎక్కుతోంది. లెక్కపెట్టుకుంటున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. ఆమె చున్నీ అంచు పట్టుకుని ఉన్నాను.

నాలుగో అంతస్తులో నేలంతా చెక్కపలకలే. చలిగాలి పైకీ కిందికీ ఆడాలని పలకల మధ్య సందులు వదులుతారు. మిర్చి మోసేవాళ్ళు చూసుకుని అడుగేస్తారు.

“పన్నెండు, పదమూడు” అని వరసలు చదువుతూ పేరయ్య ముందుకెళ్ళాడు. టార్చి వెలుగు అతనితోపాటు వెళ్ళిపోయింది. ఆమె మరో అడుగు వేసింది. కాలు సందులోకి మోకాలిదాకా దిగిపోయింది.

అరవలేదు. అరిస్తే తెలిసిపోతుందని నోరు రెండు చేతులతో మూసుకుంది. అది చూసి నేను అరిచాను.

పేరయ్య పరుగున వచ్చాడు. “ఏమ్మా, చూసుకు నడవ్వేం! పడితే కింద అంతస్తులో తేల్తావు!” శ్రీకృష్ణ చెయ్యి అందించాడు. ఆ చెయ్యి ఆమె మొహానికి జానెడు దూరంలో ఉంది. ఆమె దాన్ని పట్టుకోలేదు, చూడలేదు. గాలిలో తడుముకుంటోంది. శ్రీకృష్ణ చెయ్యి అటు జరిపాడు, ఇటు జరిపాడు. ఆమె కళ్ళు కదల్లేదు.

“పదిహేడు ఇదేనయ్యా” అన్నాడు పేరయ్య, టార్చి టిక్కీలమీద వేసి. “పొదిలి, యలమంద. నలభై. అమ్మ చెప్పింది నిజమే.”

శ్రీకృష్ణ అటు చూడనైనా లేదు. కిందికి దిగేటప్పుడు ఆమె మోచెయ్యి పట్టుకుని మెట్టుమెట్టుకూ చెబుతూ దించాడు. తలుపు బయటికొచ్చాక మెల్లగా అడిగాడు. “మేడమ్, మీకు కనపడదా?”

ఆమె వంగి కాలు తడుముకుంది. మోకాలి దగ్గర సల్వారు చిరిగి నెత్తురు కారుతోంది.

“సాయంత్రం నేను రిపోర్టు రాయాలి మేడమ్. ఆపరేటరు గురించి కూడా ఒక కాలమ్ ఉంటుంది. నేనేం రాయను?”

“ఏమీ రాయకండి బాబూ. మీకు దణ్ణం పెడతాను.”

“రేపు కొత్త సిస్టమ్‌లో తప్పు జరిగితే నామీదికొస్తుంది మేడమ్. మీరు నిన్న నా కళ్ళు కడిగారు, నాకు గుర్తుంది. కానీ...” అని ఆగిపోయాడు.

ఆమె నావైపు తిరిగింది. “మేనేజరు గారు కాగితంమీద చదువుకుని తెలుసుకోవడం కంటే నేను చెప్పడమే నయం. నువ్వు రాకు. నువ్వుంటే ఏడుస్తాను.”

ఆమె మేనేజరు గారి గదిలోకి వెళ్ళింది, తలుపు తెరిచే ఉంది. బయట నేనూ, శ్రీకృష్ణా, పేరయ్యా విన్నాం.

“సార్, పదిహేడులోనే ఉందండి. ఇంకో మాట. నాకు చూపు పోతోందండి.”

“అద్దాలు పెట్టించుకో.”

“అద్దాలకు తగ్గేది కాదండి. పక్కలు కనపడవు. చీకట్లో అసలు కనపడదు. బాణంగుర్తు దొరకట్లేదు.”

“ఎన్నాళ్ళనుంచి?”

“అయిదేళ్ళవుతోందండి.”

కుర్చీ చప్పుడైంది. “అయిదేళ్ళనుంచి నా ఎదురుగా కూర్చుని నాకు చెప్పలేదా!”

“చెబితే ఉంచేవారా సార్?”

ఆయన శ్రీకృష్ణని గట్టిగా పిలిచారు. “ఏమయ్యా, ఆ పాతదాంట్లో పిన్‌కోడులన్నీ అలాగే ఉంటాయా?”

“ఉంటాయి సార్. కానీ అది రిటర్న్...”

“అది ఇక్కణ్ణుంచి కదలదు. మీవాళ్ళకు నేను చెప్పుకుంటా. పెట్టె విప్పు. చాంబర్లు ఖాళీ అయ్యేదాకా సరుకు దానిమీదే తీస్తాం.”

“ఆ కీబోర్డు మీద వేరేవాళ్ళెవరూ కొట్టలేరు సార్” అన్నాడు శ్రీకృష్ణ.

“కొట్టేది ఆవిడే” అన్నారు మేనేజరు గారు. తర్వాత గొంతు తగ్గించారు. “రహీమా, కొత్త మిర్చి దిగేదాకా ఉండు. ఆ తర్వాత ఓనరు గారు ఏమంటారో నేను మాటివ్వలేను. రిపోర్టులో ఇతను రాసేది ఇతను రాస్తాడు.”

ఫిబ్రవరిలో కొత్త మిర్చి దిగుతుంది. మూడు నెలలు.

“సరే సార్” అంది. వెళ్ళిపోతుందనుకున్నాను, వెళ్ళలేదు. “మరి నన్ను అయిదింటికి పంపించెయ్యండి సార్. చలికాలం, పొద్దు తొందరగా వాలిపోతుంది. రోడ్డు దాటలేను.”

“వెళ్ళు” అన్నారాయన.

ఆ సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే బస్సెక్కాం. కిటికీ పక్క సీటిచ్చి పక్కన కూర్చున్నాను. ఊరు దాటి పత్తిచేలు మొదలయ్యాయి. ఆమె రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, మొహం దగ్గరికి వంచి చూసుకుంది. పదివేళ్ళూ వణుకుతున్నాయి.

“రేపు మళ్ళీ రైతులొస్తారు. ఇవి ఆగకపోతే కొట్టలేను. తెల్లారేసరికి ఆగుతాయంటావా?”

“ఆగుతాయక్కా” అన్నాను.

నాకు తెలియదు. ఆమె చేతులు నా చేతుల్లోకి తీసుకున్నాను. నావీ ఆగడం లేదు.